పాట ఆగాక వినబడే బుస



పునీత పౌలు కొరింతులోని విశ్వాసులకు వ్రాసిన మొదటి లేఖ 14వ అధ్యాయంలో వాద్యాల ప్రస్తావన తెచ్చారు. పిల్లనగ్రోవి అయినా, తంతివాద్యం అయినా స్వరాన్ని తేటగా పలకకపోతే అది ఏ పాటో విన్నవారికి బోధపడదని ఆయన భావం. ఆ రోజుల్లో కరెంటు లేదు, స్పీకరు బాక్సులు లేవు. అయినా ఆ మాట నేటి మన గాయక బృందాలకు సరిగ్గా సరిపోతుంది. ఈ వారం మనం ధ్యానించబోయేది పెద్ద వేదాంత విషయం కాదు. బేస్ గిటారు యాంప్లిఫయరు నుండి, దాని స్పీకరు బాక్సు నుండి ఎడతెగకుండా వచ్చే ‘స్స్’ అనే బుస గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఇది పత్రికలో వ్రాయదగిన సంగతేనా అని మీరు అడగవచ్చు. వచ్చే ఆదివారం దివ్యసత్ప్రసాదం స్వీకరించి మీ చోటికి వచ్చి మోకరించినప్పుడు, పాట ముగిశాక ఒక్క నిమిషం చెవి ఒగ్గి చూడండి. వేళ్ళు తంతుల మీద నుండి లేచినా, గాయకులు పుస్తకాలు మూసినా, ఆ మూలనున్న పెట్టె మాత్రం బుస కొడుతూనే ఉంటే, ఈ మాటలు మీ విచారణ కోసమే.

మౌనం పూజలో మిగిలిపోయిన ఖాళీ జాగా కాదు. అది పూజలో భాగం. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన దైవార్చన పత్రం 30వ సంఖ్యలో, ప్రజలు పాటలలోను జవాబులలోను చురుకుగా పాల్గొనాలని చెబుతూనే, తగిన వేళల్లో భక్తితో మౌనం పాటించాలని కూడా కోరింది. ఆ వేళలు ఏవో పూజగ్రంథపు సాధారణ నియమావళి 45వ సంఖ్యలో ఉన్నాయి. పశ్చాత్తాప ప్రార్థనలో, గురువు మనలను ప్రార్థనకు పిలిచిన వెంటనే, పఠనమో ప్రసంగమో ముగిశాక, సత్ప్రసాద స్వీకరణ తరువాత మౌనం ఉండాలి. అదే దైవార్చన పత్రం 120వ సంఖ్య పైపు ఆర్గనుకు గౌరవస్థానం ఇస్తూ, తక్కిన వాద్యాలు కూడా పవిత్ర కార్యానికి తగినవైతే, విశ్వాసులకు మేలు చేసేవైతే, సంబంధిత అధికారుల సమ్మతితో వాడవచ్చునని చెప్పింది. కనుక బేస్ గిటారు గుడిలోకి దొంగదారిన వచ్చినది కాదు. పాటకు చోటు ఉన్నట్లే మౌనానికీ చోటు ఉంది. గుడిలో అడుగుపెట్టిన వాద్యం ఆ రెండింటికీ లోబడాలి.

ఈ చిన్న బుస విచారణలలో పెద్ద తగవుగా మారడం మనం ఎరుగుదుము. పెద్దలు విసుగుపడి “ఆ డబ్బా తీసెయ్యండిరా” అంటారు. పిల్లలు “మేము పాడటం వీళ్ళకు ఇష్టం లేదు” అని నొచ్చుకుని వెనుక గుమ్మం దగ్గర నిలబడతారు. కొన్నాళ్ళకు ఆ గుమ్మం దాకా కూడా రారు. ఒక కుర్రవాడు పైసా పైసా కూడబెట్టి గిటారు కొనుక్కుని, వారం వారం సాధనకు వచ్చి, దేవుని సన్నిధిలో వాయించాలని ఆశపడుతుంటే, రెండు నాబులు తిప్పితే తగ్గిపోయే శబ్దం కారణంగా అతన్ని పోగొట్టుకోవడం మనకు తగునా?

యువకులారా, మీతో కూడా ఒక మాట. బుస వినబడకుండా ఉండాలని మీలో కొందరు వాల్యూము పెంచుతారు. పాట సాగినంతసేపు అది దాగినట్లే ఉంటుంది. కాని మీరు పాటను పెంచినప్పుడు బుసను కూడా పెంచారు. పాట ఆగిన క్షణాన అది మునుపటికంటె గట్టిగా బయటపడుతుంది. మరొక సంగతి. పెట్టె పక్కనే నిలబడి రోజూ వినేవారి చెవి ఆ శబ్దానికి అలవాటుపడి, చివరకు దానిని పట్టించుకోవడమే మానేస్తుంది. శబ్దం చేసేవాడు దానిని అందరికంటె ఆఖరున గమనిస్తాడు. ఇది యాంప్లిఫయరుకే కాదు, మనుషులకూ వర్తిస్తుంది.

అసలు ఈ బుస ఎక్కడ నుండి వస్తుంది? అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన జాన్ జాన్సన్ దీనిని కొలిచి చూపారు. అక్కడే పనిచేసిన హ్యారీ నైక్విస్ట్ దానికి లెక్క కట్టి కారణం చెప్పారు. వారి పరిశోధనలు 1928లో ప్రచురితమయ్యాయి. కరెంటు ప్రవాహాన్ని అడ్డగించే ప్రతి చిన్న భాగంలోను ఎలక్ట్రానులు వేడి వలన అటూ ఇటూ కదులుతూ ఉంటాయి. ఆ కదలిక అతి సూక్ష్మమైన విద్యుత్ శబ్దంగా మారుతుంది. ట్రాన్సిస్టర్ల వంటి భాగాలు తమ వంతు మరికొంత చేరుస్తాయి. అది మామూలుగా మన చెవికి ఆననంత చిన్నది. కాని యాంప్లిఫయరు పనే పెంచడం. గిటారు తంతి నుండి వచ్చినది ఏది, తన కడుపులో పుట్టినది ఏది అని అది విచారించదు. వచ్చినదానినల్లా పెంచి పంపుతుంది. స్పీకరు బాక్సు తనంతట తాను బుస కొట్టదు. తనకు అందినదానిని బయట పెడుతుంది, అంతే.

ఇక్కడ మనకు ఊరట కలిగించే సంగతి ఒకటి ఉంది. నాలుగు తంతుల బేస్ గిటారులో అన్నిటికంటె లావు తంతి సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఇరవై మెట్ల గిటారు మీద పలికే అత్యంత హెచ్చు స్వరం కూడా సుమారు 311 కంపనాలే. దాని పైన అనుస్వరాలు, వేళ్ళ చప్పుడు కొంత ఎత్తుకు వెళతాయి. బుస అన్ని ఎత్తులలోను పరచుకుని ఉన్నా, మన చెవికి ఎక్కువగా తగిలేది రెండు వేల నుండి పది వేల కంపనాల మధ్య. అంటే పాట బలం కింది అంతస్తులో ఉంది, బుస బాధ పై అంతస్తులో ఉంది. పై అంతస్తు తలుపు కొంచెం దగ్గరగా వేస్తే కింది అంతస్తుకు పెద్దగా నష్టం లేదు.

ఇక చేయవలసిన పని చూద్దాం. ఒక శనివారం సాయంత్రం, గుడి ఖాళీగా ఉన్నప్పుడు, ఫ్యానులు ఆపి ఇరవై నిమిషాలు కేటాయించండి. ముందుగా పదేళ్ళ పాపనో బాబునో పిలిచి మధ్య వరుస బల్ల మీద కూర్చోబెట్టండి. వయసు పెరిగే కొద్దీ మన చెవికి సన్నని శబ్దాలు వినిపించడం తగ్గుతుంది. బుసను అందరికంటె తేటగా పట్టగలిగేది పసిచెవి. అలాగని పెద్దవారికి ఈ బుస వలన హాని లేదని అనుకోవద్దు. స, శ, ష వంటి అక్షరాలలోని ఊదుడు కూడా ఆ ఎత్తులోనే ఉంటుంది. అసలే వినికిడి తగ్గిన అవ్వకు, తాతకు సువిశేష పఠనంలో ఆ అక్షరాలు లీలగా వినబడతాయి. వాటి మీద ఈ బుస కూడా పడితే మాట విడిపోతుంది.

తరువాత శబ్దం ఎక్కడ పుడుతున్నదో ఒక్కొక్క మెట్టుగా తెలుసుకోవాలి. గిటారు మీద ఉన్న వాల్యూము పూర్తిగా తగ్గించండి. బుస కూడా పోయిందా? అయితే అది గిటారు లోపలి నుండి వస్తున్నది. పోలేదా? మధ్యలో పెడల్స్ ఉంటే వాటిని తప్పించి, గిటారును నేరుగా యాంప్లిఫయరుకు తగిలించి చూడండి. ఇంకా ఉంటే యాంప్లిఫయరుకు ఉన్న జాక్ తీసివేయండి. అప్పటికీ ఉంటే గెయిన్ నాబు తగ్గించండి. గెయిన్‌తో పాటు బుస తగ్గితే అది యాంప్లిఫయరు మొదటి భాగానిది. గెయిన్, మాస్టర్ రెండూ సున్నాకు తెచ్చినా వినబడుతుంటే అది చివరి భాగానిది. ఒక్కోసారి బుస అనుకున్నది యాంప్లిఫయరులోని చల్లబరచే చిన్న ఫ్యాను గాలి చప్పుడే కావచ్చు. స్పీకరు దగ్గర చెవి పెడితే ఆ తేడా తెలిసిపోతుంది.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. పాపసంకీర్తనానికి ముందు మనం చేసే ఆత్మశోధన ఇటువంటిదే. “నాలో ఏదో తప్పు ఉంది” అని ఊరికే అనుకుంటే మార్పు రాదు. ఏ మాటలో, ఏ అలవాటులో, ఏ సమయంలో అని ఒక్కొక్కటిగా చూస్తేనే దోషం దొరుకుతుంది. గిటారువాడు యాంప్లిఫయరును, యాంప్లిఫయరు పెట్టినవాడు గిటారువాణ్ణి నిందించుకుంటూ కూర్చుంటే శబ్దం అలాగే ఉంటుంది.

కారణం తెలిశాక సవరణ తేలిక. మొదటి సూత్రం ఇది: మూలంలో నిండుగా, ఆ తరువాత మితంగా. గిటారు మీది వాల్యూము పూర్తిగా తెరవండి. చాలామంది దానిని సగంలో ఉంచి, ఆ లోటును యాంప్లిఫయరులో పూడ్చుకుంటారు. అక్కడే బుస పెరుగుతుంది. తరువాత మీరు వాయించగలిగినంత గట్టిగా వాయిస్తూ, హెచ్చరిక దీపం అప్పుడప్పుడు మాత్రం మినుకుమనే దాకా గెయిన్ పెంచి, అక్కడ నుండి కొద్దిగా వెనక్కి తీయండి. చివరకు గుడికి ఎంత అవసరమో అంతే మాస్టర్ వాల్యూము పెట్టండి. తొలి మెట్టులోనే పాట బలంగా ఉంటే, వెనుక మెట్లలో చేరే బుస దాని ముందు చిన్నదైపోతుంది. తొలి మెట్టులో పాట బలహీనంగా ఉంటే, తరువాత ఎంత పెంచినా రెండూ కలిసే పెరుగుతాయి.

యాంప్లిఫయరు మీద ‘యాక్టివ్’, ‘ప్యాసివ్’ అని రెండు ఇన్‌పుట్లు ఉంటే గమనించండి. యాక్టివ్ అన్నది గట్టి సంకేతం పంపే గిటార్ల కోసం, వచ్చినదానిని కొంత తగ్గించి తీసుకుంటుంది. బ్యాటరీ లేని మామూలు గిటారును అందులో పెడితే అనవసరంగా గెయిన్ పెంచవలసి వస్తుంది. ట్రెబుల్, బ్రైట్ వంటివి పెంచి ఉంటే మధ్యకు తెండి. అవి పై అంతస్తు తలుపులను బార్లా తెరిచే తాళాలు. వరుసగా పెట్టిన పెడల్స్‌లో ఆ పూట వాడనివి తీసేయండి. కంప్రెసర్ పెడల్ విషయంలో మరీ జాగ్రత్త. అది గట్టి శబ్దాన్ని తగ్గించి, ఆ మీదట మొత్తాన్ని పైకి లేపుతుంది. తంతి మీద చెయ్యి లేనప్పుడు ఆ పైకి లేచేది బుసే.

ఇక స్పీకరు బాక్సు. అందులో పెద్ద స్పీకర్లతో పాటు చిన్న ట్వీటరు గాని, కొమ్ములాంటి హారన్ గాని ఉంటుంది. బుస ఎక్కువగా బయటికి వచ్చేది దాని గుండానే. చాలా బాక్సుల వెనుక భాగంలో ట్వీటరుకు ప్రత్యేకంగా ఒక నాబు ఉంటుంది. కొన్న నాటి నుండి దానిని ఎవరూ ముట్టుకుని ఉండరు. దానిని సగానికి, అవసరమైతే పూర్తిగా తగ్గించి చూడండి. గుడి పాటలకు కావలసిన బేస్ స్వరం పెద్ద స్పీకర్ల నుండి నిండుగానే వస్తుంది. పై శబ్దాలు సూటిగా ఎదురుగా ఉన్నవారి మీదికే పోతాయి గనుక, బాక్సును ముందు బల్లల వైపు గురిపెట్టకుండా కొంచెం పక్కకు తిప్పినా వారికి హాయి కలుగుతుంది. బేస్‌ను మైకుల మిక్సరుకు కూడా కలిపి ఉంటే, పాట లేని సమయంలో ఆ చానెల్ మూసి ఉంచాలని మిక్సరు దగ్గర కూర్చునే వారికి చెప్పండి.

ఇంతసేపు చెప్పినది బుస గురించి. ‘గుమ్మ్’ అని కింది స్థాయిలో మోగే హోరు వేరు. అది మన కరెంటు యొక్క 50 కంపనాల నుండి, దాని రెట్టింపుల నుండి పుడుతుంది. కవచం తెగిన గిటారు వైరు, కరెంటు వైర్లతో కలిపి చుట్టిన పాట వైర్లు, దగ్గరలోని ట్రాన్స్‌ఫార్మరు, ఎర్తు లోపం దీనికి కారణాలు. గిటారుకు కవచమున్న వైరు, యాంప్లిఫయరు నుండి బాక్సుకు లావైన స్పీకరు వైరు వాడాలి. ఒకదాని చోట ఇంకొకటి పెట్టకూడదు. యాంప్లిఫయరు, మిక్సరు రెండింటికీ సరైన ఎర్తు ఉన్న ఒకే చోటు నుండి కరెంటు తీసుకుంటే చాలాసార్లు హోరు తగ్గుతుంది.

ఇక్కడ తల్లిదండ్రులను, విచారణ పెద్దలను చేతులు జోడించి వేడుకుంటున్నాను. హోరు పోతుందని చెప్పి ప్లగ్గుకున్న మూడవ పిన్ను, అంటే ఎర్తు పిన్ను, విరిచేసే అలవాటు కొందరిలో ఉంది. ఎట్టి పరిస్థితిలోను ఆ పని చేయనివ్వకండి. 1972 మే 3న వేల్స్ దేశంలోని స్వాన్సీ పట్టణంలో లెస్ హార్వే అనే గిటారు వాద్యకారుడు ఎర్తు సరిగా లేని మైకును తాకి, వేదిక మీదనే విద్యుదాఘాతంతో ప్రాణం విడిచాడు. గిటారు తంతులను పట్టుకున్న చెయ్యి ఒకటి, పెదవులకు ఆనించిన మైకు ఒకటి. ఈ రెండింటి మధ్య ఉన్నది మన బిడ్డ శరీరం. పండుగ పందిళ్ళలో, వాన తడి నేల మీద, వట్టి కాళ్ళతో వాయించే మన పిల్లలకు ఆ మూడవ పిన్ను కాపలా దేవదూత వంటిది. హోరును తొలగించడానికి డీఐ బాక్సు మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ మీట వేరు. అది పాట వైరును మాత్రమే విడదీస్తుంది. దానిని వాడవచ్చు. గుడి ఎర్తును మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియను చేత పండుగకు ముందే పరీక్ష చేయించండి. దీపాల అలంకరణకు పెట్టే ఖర్చులో అది చాలా చిన్న భాగం.

ఇన్ని చేశాక కూడా కొంత బుస మిగులుతుంది. వస్తువులో వేడి ఉన్నంతకాలం ఆ కదలిక ఉంటుంది గనుక పూర్తిగా సున్నా కావడం సాధ్యం కాదు. మధ్య బల్ల మీద కూర్చున్న పాపకు వినబడకపోతే మన పని పూర్తయినట్టే. ఉన్నట్టుండి బుస పెరిగినా, చిటపటమన్నా అది పాడైన భాగం గుర్తు. మీరు మూత విప్పకుండా మెకానిక్కు దగ్గరకు తీసుకుపోండి. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి భాగాలలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉండవచ్చు. నాయిస్ గేట్ అనే పరికరం కొనమని కొందరు సలహా ఇస్తారు. అది వాయించనప్పుడు తలుపు మూస్తుంది, వాయించినప్పుడు తెరుస్తుంది. తెరిచిన తలుపు గుండా పాటతో పాటు బుస కూడా వస్తుంది. పైగా నెమ్మదిగా ఆగిపోవలసిన స్వరం తోకను అది కత్తిరిస్తుంది. ముందు మూలం సరిచేసుకోకుండా గేటు కొనడం, ఇల్లు ఊడ్వకుండా తలుపు వేసుకోవడం వంటిది.

దానికంటె మంచి గేటు వాద్యకారుని వేళ్ళలోనే ఉంది. పాట ముగియగానే మాస్టర్ వాల్యూమును మెల్లగా సున్నాకు తేవడం. తరువాతి పాటకు ముందు తిరిగి తన గుర్తుకు తేవడం. నాబు పక్కన చిన్న గీత గీసుకుంటే చాలు. పఠనాలప్పుడు, ప్రసంగమప్పుడు, సత్ప్రసాదం తరువాత ఇది చేసే కుర్రవాడు ఆ క్షణంలో పూజకు తన వంతు సేవ చేస్తున్నాడు. వాయించడం ఎంత సేవో, వాయించకుండా మౌనాన్ని కాపాడటం అంతే సేవ.

ప్రియ విశ్వాసులారా, ఏలీయా ప్రవక్త హోరెబు కొండ మీద నిలబడినప్పుడు గాలి వీచింది, భూమి కంపించింది, అగ్ని రగిలింది. ఆయన ముసుగు కప్పుకుని గుహ ముఖానికి వచ్చి నిలిచింది మాత్రం వాటి తరువాత వచ్చిన నెమ్మదైన ధ్వనికి అని రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం తెలుపుతుంది. ఆ ధ్వని గాలితో పోటీపడి గొంతు పెంచలేదు. గాలి ఆగాకే వినబడింది. మన ఇళ్ళలోను ఇంతే. తండ్రి గొంతు పెంచితే కొడుకు గొంతు పెరుగుతుంది. విచారణ సభలో ఒకరి మాటను మింగివేయాలని మరొకరు అరుస్తారు. మాట పెరిగిన కొద్దీ మన లోపలి కోపం, అహం కూడా దానితో పాటు పెరిగి వినబడతాయి. మనలోని బలహీనత ఈ లోకంలో పూర్తిగా పోదు. దానిని పెంచి పదిమందికి వినిపించడం మాత్రం మన చేతిలో ఉంది. మూలంలో, అంటే ప్రార్థనలో, నిండుగా ఉన్నవాడు బయట కొద్దిగా మాట్లాడినా చాలు.

కనుక ఈ శనివారం గాయక బృందం సాధనకు కూర్చున్నప్పుడు, పెద్దలలో ఒకరు వెళ్ళి ఆ బేస్ వాయించే కుర్రవాడి పక్కన నిలబడండి. “డబ్బా తీసెయ్యి” అనకండి. “బాబూ, దాని వెనుక ఒక నాబు ఉంటుందట, ఇద్దరం కలిసి చూద్దామా” అని అడగండి. పాపను బల్ల మీద కూర్చోబెట్టండి. ఆమె “ఇప్పుడు వినబడటం లేదు తాతయ్యా” అనే దాకా ఓపికపట్టండి.